మా సద్దిమూట చరిత్ర

పోయినేడు మా అవ్వకు షుగరు బయటపడింది. కాలి వేలికి పుండు లేచి నెల రోజులైనా మానకపోతే పాలమూరు తీసుకపోయిన. డాక్టరు రక్తపరీక్ష కాగితం చూసి "తెల్లన్నం తగ్గించాలమ్మా. పూటకు రెండు జొన్నరొట్టెలు తిను. కొర్రలు తిను, సజ్జలు తిను" అన్నడు. అవ్వ ఆయన ముందర నవ్వింది. బయటికొచ్చినంక నవ్వలేదు. బస్టాండులో బెంచీ మీద కూసొని కొంగుతోని కండ్లు తుడుచుకుంది.

"జొన్నగటక కాడికెల్లి బియ్యం బువ్వ కాడికి వచ్చేటాలకు నా జిందగి ఒడిసింది కొడుకా. ఇప్పుడు మళ్ళ అదే తినమంటున్నరు. గిట్లనైతే నన్ను బియ్యం దాకా ఎందుకు నడిపిచ్చిండ్రు?" అన్నది.

నా దగ్గర జవాబు లేదు. నేను సర్కారు బళ్ళో సాంఘికశాస్త్రం చెప్పే పంతుల్ని. మా ఇంట్ల డిగ్రీ కాగితం చూసిన మొదటి మనిషిని. కాకతీయులు ఎన్ని చెరువులు తవ్విచ్చిండ్రో, కుతుబ్ షాహీలు ఎన్ని బావులు కట్టిచ్చిండ్రో పిల్లలకు చెప్తా. ఆ చెరువు తవ్వినామె పొద్దున ఏం తిని తవ్విందో ఏ పాఠంలో లేదు. మా అవ్వ అడిగింది చరిత్ర ప్రశ్న. దానికి జవాబు మా ఇంటి సద్దిమూటలోనే వెతుక్కోవాలె.

మాది మక్తల్ దిక్కు నల్లరేగడి ఊరు. ఇప్పుడు నారాయణపేట జిల్లా కిందికి వస్తది. మా తాత పటేలు దగ్గర జీతం ఉన్నడు. జీతం అంటే పైసలు కాదు. నెలకు ఇన్ని కుంచాలని జొన్నలు కొలిచేది. అవి కూడా పాతర అడుగు జొన్నలు. భూమిలో లోతుగ గుంత తవ్వి, గడ్డి పరిచి, జొన్నలు పోసి మూసేదాన్ని పాతర అంటరు. పైన ఉన్న మంచి గింజలు పటేలు ఇంటికి, బజారుకు పోయేవి. చెమ్మ దాకి, ముక్కిపోయి, వాసనొచ్చే అడుగు గింజలు మా వాడకు వచ్చేవి. మా నాయినమ్మ చచ్చిపోయేదాకా కొత్త జొన్నల రొట్టెను కూడా నోట్లో పెట్టుకునే ముందు ఒకసారి వాసన చూసేది. అది అలవాటు అనుకునేటోన్ని చిన్నప్పుడు. అది జ్ఞాపకమని తర్వాత తెలిసింది.

వరి మా ఊళ్ళో లేకపోలేదు. చెరువు కింద తరి పొలాలు ఉండేవి. నాట్లు వేసింది మా ఆడోళ్ళే, కోసింది మా ఆడోళ్ళే. పొలం మాత్రం మాది కాదు. బియ్యం బువ్వ మా ఇంట్ల పండుగకు ఉడికేది. సుస్తీ అయిన మనిషికి, బాలింతకు గిన్నెడు వండేది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో నిజాం సర్కారు లెవీ గల్లా వసూలు చేసినప్పుడు ఆ జొన్నలకు కూడా కరువొచ్చిందని నాయినమ్మ తన అవ్వ చెప్పంగ విన్నది. పరిగె ఏరుకొని, చెలకల గట్ల పొంటి తుమ్మికూర, దొగ్గలికూర, చెంచలికూర, పొన్నగంటి కూర తెంపుకొచ్చి, ఇంత ఉప్పు వేసి ఉడకపెట్టి గటకలో కలుపుకొని బతికిండ్రు. ఇయ్యాల పట్నంలో "పొట్టు తీయని గింజలు, మందు కొట్టని ఆకుకూరలు" అని బోర్డు రాసి అమ్మే సరుకంతా అప్పటి మా ఇంటి రోజువారీ తిండి. అయితే మేం దాన్ని ఎంచుకోలేదు. మా కాడికి వచ్చిన తిండి అదొక్కటే.

ఇంకొక మాట కూడా చెప్పాలె. ఆ తిండి గింజ నుంచి రొట్టె దాకా ఆడదాని రెక్కల మీద నడిచింది. తొలికోడి కూయంగనే నాయినమ్మ, ఆమె అత్త ఇసుర్రాయి ముందర ఎదురెదురుగ కూసునేది. పది మందికి రొట్టెలు కావాలంటే తెల్లారేదాకా ఇసరాలె. జొన్నపిండి గోధుమపిండి లెక్క సాగదు. ఇసిరిన పిండి ఇసిరినట్టు కొట్టుకుంటేనే రొట్టె పగలకుండ వస్తది. నాలుగు రోజులు నిలవుంటే పిండి ఇరిగిపోతది. అందుకని ఆ పని ఏ రోజుకారోజు చేయాల్సిందే. ఆ తర్వాత పొలం పనికి పోయేది, కూలి చేసేది. మొగోళ్ళు పాటలు కట్టి ఇసుర్రాయిని పొగిడిండ్రు గాని, మా తాత ఒక్కరోజు కూడా దాని ముందర కూసోలేదు. నాయినమ్మ కుడిచెయ్యి భుజం కాడ లేచేది కాదు. పాత తిండిని పొగిడేటోళ్ళు ఆ భుజాన్ని కూడా చూడాలె.

నాయినమ్మ ఇంకొకటి చెప్పేది. ఎండకాలం ముదిరి పప్పు లేక, కూర లేక, ఉత్త జొన్నల మీద బతికే నెలల్లో వాడలో కొందరికి చేతుల మీద, మెడ చుట్టూ తోలు నల్లబడి పొలుసులు లేచేది. కడుపు పోయేది. కొందరికి మతి తప్పేది. అమ్మతల్లి కోపం అనుకొని కోడిని కోసేది. డిగ్రీ చదివేటప్పుడు దాని పేరు పెల్లాగ్రా అని తెలుసుకున్న. దక్కన్ పీఠభూమిలో జొన్న తినే పేదోళ్ళకు ఇది ఎందుకొస్తదని హైదరాబాదులో పోషకాహార పరిశోధన చేసిన గోపాలన్, శ్రీకాంతియా 1960లో ఒక వ్యాసం అచ్చేసిండ్రు. జొన్నలో ల్యూసిన్ అనే పదార్థం ఎక్కువుండడం కారణమని వాళ్ళ వాదన. తర్వాత దాని మీద చర్చలు నడిచినయి గాని, ఒక సంగతి మాత్రం నిలబడ్డది. జొన్న ఒక్కటే తింటే చాలదు. పక్కన పప్పు ఉండాలె, పాలో మాంసమో ఉండాలె. సొంత చెలక ఉన్న రైతు జొన్న సాళ్ళ నడుమ కంది, పెసర, అనుము వేసుకున్నడు. ఆయనకు అదే జొన్న బలమైంది. కూలి కింద ఉత్త జొన్నలు కొలిపించుకున్న మాకు అదే జొన్న రోగమైంది. గింజలో తేడా లేదు. తేడా భూమి కాడ ఉంది.

మరి మా వాడ మొత్తం ఎందుకు రోగం పాలు కాలేదు? మాకు పెద్దకూర ఉంది. వాడలో పశువును కోసిన రోజు ఏదీ పారేసేది కాదు. నల్ల ఆ పూటనే వండుకునేది. బోటి, తలకాయ, కాళ్ళు ఒకరోజు. మూలగ బొక్కలు పిల్లలకు. మిగిలిన కూరను సన్నగ పొడుగ్గ కోసి, ఉప్పు పసుపు రాసి దండెం మీద ఎండేసేది. ఎండిన తునకలు కుండలో పెట్టుకుంటే వానకాలం దాకా ఉండేవి. రొట్టెలో లేనిది తునకలో ఉంది. ఊరంతా అసహ్యించుకున్న ఆ తునకే మా పిల్లల తోలును, పేగును, మతిని కాపాడింది. దీన్ని ఏ పాఠ్యపుస్తకమూ రాయలేదు గనుక నేను రాస్తున్న.

ఈ మాట అంటున్నప్పుడు బాబాసాహెబ్ అంబేద్కర్‌ను మరిచిపోను. 1927లో మహద్ సభలో ఆయన చచ్చిన పశువుల కూర మానుకోమన్నడు, ఊరోళ్ళు పారేసే మిగిలిన రొట్టె ముక్కలు అడుక్కోవడం మానుకోమన్నడు. ఆయన మానుకోమన్నది బానిసతనపు తిండిని. మా నాయినమ్మ తరం కూడా చచ్చిన పశువును మోసే వెట్టిని మానేసింది. సొంత పైసలు పెట్టి కొనుక్కున్న కూరను తినడం వేరు. ఈ రెంటినీ ఒకే గాటన కట్టి మాకు శుద్ధి పాఠాలు చెప్పేటోళ్ళకు ఈ తేడా కావాలని కనపడదు.

ఇక బియ్యం కథ. భారత ఆహార సంస్థ 1965లో ఏర్పడ్డది. హరిత విప్లవం అన్నరు. కాలువలకు, బోర్లకు, ఎరువులకు, మద్దతు ధరకు దక్కిన సాయం వరికి, గోధుమకు దక్కింది. జొన్నకు దక్కలేదు. 1983లో ఎన్.టి. రామారావు ముఖ్యమంత్రి అయినంక కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. మరుసటేడు మా అవ్వ పెండ్లయి ఈ ఇంటికి వచ్చింది. ఆమె పేరు రేషన్ కార్డులో ఎక్కిన దినం ఆమెకు ఇప్పటికీ యాదికుంది. జిందగీలో మొదటిసారి ఒక సర్కారు కాగితం మీద తన పేరు చూసుకుంది. ఆమెకు చదువు రాదు. అయినా ఏది తన పేరో అడిగి తెలుసుకొని దాని మీద వేలు పెట్టి చూసుకుంది.

ఆ బియ్యంలో రాళ్ళుండేవి, నూకలుండేవి, పురుగులుండేవి. అయినా అది బియ్యం. పటేలు ఇంట్ల ఉడికేది, బాపనింట్ల ఉడికేది. ఇప్పుడు మా ఇంట్ల కూడా రెండు పూటలా పొంగుతున్నది. ఇసుర్రాయి మూలకు పడ్డది. తొలికోడికి లేచే అవ్వ ఇంకో గంట పండుకోగలిగింది. ఆ గంట నిద్ర ఆమెకు ఆ ప్రభుత్వం ఇచ్చిందే. పటేలు పాతర కాడ జొన్నల కోసం నిలబడే పని కూడా తప్పింది. కూలి పైసల్లో ఇమ్మని అడిగే ధైర్యం వచ్చింది. ఇయ్యాల కొందరు పెద్దలు "రెండు రూపాయల బియ్యం వచ్చి జనాన్ని సోమరిపోతుల్ని చేసింది, మంచి తిండిని చెడగొట్టింది" అంటరు. వాళ్ళెవరూ పాతర అడుగు జొన్నలు తినలేదు.

కాని బియ్యం తెచ్చిన నష్టాన్ని కూడా దాచొద్దు. మిల్లులో తవుడు, మొలక పోయినంక మిగిలేది తెల్లటి పిండిగింజ. తెల్లబియ్యం మీదనే బతికితే బెరిబెరి వస్తదన్న సంగతి కొత్తది కాదు. జావా దీవిలో ఐక్‌మన్ అనే డాక్టరు 1890లలో కోళ్ళకు పాలిష్ బియ్యం పెట్టి చూసిండు. వాటి కాళ్ళు పడిపోయినయి. పొట్టు బియ్యం పెడితే లేచినయి. మన జాతీయ పోషకాహార సంస్థ మూలం కూడా అక్కడనే ఉంది. అది 1918లో కూనూరులో బెరిబెరి విచారణ కోసమే మొదలైంది, తర్వాత హైదరాబాదుకు మారింది. అదే సంస్థ 2017లో అచ్చేసిన పట్టికల్లో నూరు గ్రాముల జొన్నలో పీచు సుమారు 10 గ్రాములుంటే, మిల్లు బియ్యంలో 3 గ్రాములు కూడా లేదు. ఇనుము జొన్నలో సుమారు 4 మిల్లీగ్రాములు, బియ్యంలో ఒక మిల్లీగ్రాము కూడా లేదు. ఈ లెక్కలన్నీ తెలిసిన సర్కారే మాకు బియ్యం ఒక్కటి ఇచ్చి, పప్పు సంగతి, కూరల సంగతి మరిచిపోయింది. ఉత్త జొన్నలకు బదులు ఉత్త బియ్యం వచ్చింది. మొదటిది నాయినమ్మ తోలు మీద కనపడ్డది. రెండోది మా అవ్వ కాలి వేలి మీద కనపడ్డది.

ఇప్పుడు ప్రయాణాల సంగతి. పాలమూరు అంటే వలస. గుంపు మేస్త్రీ ముందుగాల అడ్వాన్సు ఇచ్చి ఆలుమగలను జతగ రాసుకొని పోయేటోడు. దేశంలో ఎక్కడ కట్ట కట్టినా, కాలువ తవ్వినా పాలమూరు లేబరు ఉంటది. వలస కూలీల కోసం 1979లో ఒక చట్టం చేసిండ్రు. మా నాయిన ఏ పనికాడ కూడా దాన్ని చూడలేదు.

వలస పోయే ముందు రెండు రోజులు మా ఇంట్ల పొయ్యి ఆరేది కాదు. అవ్వ, నాయినమ్మ కలిసి పల్చటి జొన్నరొట్టెలు కొట్టి, కాల్చి, ఎండలో ఆరబెట్టేటోళ్ళు. కడక్ రొట్టె. అప్పడం లెక్క ఇరుగుతది. తెల్లగుడ్డలో కట్టిపెడితే రోజుల తరబడి చెడిపోదు. అందులోకి ఎల్లిపాయ కారం, పల్లీల పొడి, ఉల్లిగడ్డలు, ఎండు తునకలు. పిల్లలకు పేలపిండి, గుడాలు. బియ్యం బువ్వ పొద్దున వండితే మాపటికి పాసిపోతది. దానికి కుండ కావాలె, కట్టెలు కావాలె, నీళ్ళు కావాలె, వండుకునే జాగ కావాలె. రైలు పెట్టెలో మరుగుదొడ్డి కాడ కూసొని రెండు దినాలు పోయేటోళ్ళకు అవన్నీ ఎక్కడివి? రొట్టెకు అవేవీ అక్కర్లేదు. ఇంట్ల బియ్యం గెలిచినా, తొవ్వలో జొన్న ఓడిపోలేదు. నేను పుట్టినంక కూడా మా ఇంట్ల జొన్నలు మిగిలింది ప్రయాణం కోసమే.

ఇంకొక కారణం కూడా ఉంది. మాకు తొవ్వలో తిండి ఎవరు పెడతరు? ఊళ్ళ హోటలులో మాకు వేరే గ్లాసు, వేరే జాగ. మా గ్లాసు మేమే కడిగి బోర్లియ్యాలె. ఆ బాధ పడే బదులు సద్ది కట్టుకునుడే నయం. అంబేద్కర్ తన చిన్ననాటి ప్రయాణం గురించి రాసింది చదివినప్పుడు నాకు మా మూటే కనపడ్డది. 1901లో తొమ్మిదేండ్ల పిల్లగాడు, అన్నతోని, అక్క పిల్లలతోని సతారా నుంచి గోరెగావ్‌కు తండ్రిని చూడబోయిండు. తండ్రి అక్కడ కరువు పనుల చెరువు కాడ ఖజాంచీ. మసూర్ స్టేషనులో దిగినంక వీళ్ళ కులం తెలిసి బండ్లోళ్ళు దూరం జరిగిండ్రు. రెట్టింపు కిరాయి ఇచ్చి, బండి తామే తోలుకుంటూ పోవాల్సొచ్చింది. బుట్టలో తిండి నిండుగ ఉంది. నీళ్ళు పోసేటోడు లేక పిల్లలు ఆకలితోనే పండుకున్నరు. సద్ది కట్టుకున్నంత మాత్రాన ప్రయాణం మనది కాదని ఆ తొమ్మిదేండ్ల పిల్లగానికి ఆ రాత్రే తెలిసింది.

నేను ఎనిమిది చదివేటప్పుడు మా బడోళ్ళు నాగార్జునసాగర్ చూపిస్తమని బస్సు కట్టిచ్చిండ్రు. అవ్వ కూలి పైసలు దాచిపెట్టి పంపింది. జొన్నరొట్టెలు, తునకల కారం కట్టి ఇచ్చింది. మధ్యాహ్నం చెట్టు కింద అందరం మూటలు ఇప్పినం. పులిహోర, దద్దోజనం, పూరీలు. నా గిన్నె మూత తీయంగనే పక్కనోడు ముక్కు మూసుకున్నడు. ఒక సారు వచ్చి చూసి "ఏందిరా ఈ కంపు? దూరం పోయి తిను, లేకుంటే పారెయ్యి" అన్నడు. నేను పారేసిన. రొట్టెలు కూడా పారేసిన. మాపటిదాకా ఏం తినలేదు.

తర్వాత కట్ట మీద నిలబెట్టి ఆ సారే చెప్పిండు. 1955లో నెహ్రూ పునాదిరాయి వేసిండు, 1967లో ఇందిరాగాంధీ నీళ్ళు విడిచింది, ఇంత పెద్ద రాతికట్ట ఎక్కడా లేదు, మెషీన్లతో కాదు మనుషుల చేతులతో కట్టిండ్రు అని. ఎవరి చేతులో చెప్పలేదు. ఇంటికి పోయినంక నాయినమ్మకు చెప్పిన. ఆమె ఇరవై ఏండ్లు నిండకముందే తాతతోని ఆ కట్ట మీద రాళ్ళు మోసింది. "ఆ కట్టకు సున్నం ఎంత పట్టిందో మన రొట్టె కూడా అంత పట్టింది బిడ్డా. నువ్వు పారేసినవా?" అన్నది. తిట్టలేదు. అందుకే ఇన్నేండ్లయినా ఆ మాట నన్ను వదల్లేదు.

ఇప్పుడు మళ్ళ షుగరు కాడికి వస్త. డాక్టరు చెప్పినంక ఇంట్ల జొన్న పెడదామని నేను నిర్ణయించిన. "అందరం తిందాం, అవ్వ ఒక్కతికే వేరే వండొద్దు" అన్న. నా ఇంటామె కూడా కొలువు చేస్తది. ఆమె ఒక్కటే అడిగింది: "తిందాం సరే. పొద్దున అయిదింటికి లేచి రొట్టెలు కొట్టేది ఎవరు?" ఆ ప్రశ్న మా తాతను ఎవరూ అడగలేదు. నన్ను అడిగింది. నేను నేర్చుకున్న.

అవ్వే నేర్పింది. నీళ్ళు సలసల కాగాలె, పిండిలో పోసి వేడి మీదనే పిసకాలె, అరచెయ్యితోని తట్టుకుంటూ పీట మీద తిప్పాలె, పెనం మీద వేసినంక పైన తడి గుడ్డ తుడవాలె. మొదటి నెల నా రొట్టెలు భారతదేశం పటం లెక్క వచ్చేవి. పిల్లలు నవ్వేటోళ్ళు. అవ్వ మొదట తినలేదు. గిన్నె పక్కకు నూకి, "నువ్వు పంతులువైనంక కూడా నా ఇంట్ల జొన్నరొట్టేనా? వాడోళ్ళు చూస్తే ఏమనుకుంటరు?" అన్నది. ఆమెకు తెల్లన్నం తిండి మాత్రమే కాదు, గెలుపు. ఆ గెలుపును పీకుతున్నది తన కొడుకే. బలవంతం పెట్టలేదు. రొట్టెతో పాటు చిక్కటి పప్పు, ఆకుకూర, ఆదివారం కూర పెట్టినం. నాయినమ్మ తిన్న ఉత్త రొట్టె కాదని చూపించినం. రెండు నెలలకు ఆమెనే పొయ్యి కాడికొచ్చి "జరుగు, నీకు చేతకాదు" అన్నది. పుండు మానింది. మందులు వేసుకుంటనే ఉంది. తిండి ఒక్కటే మాన్పిందని నేను చెప్పను.

ఇంట్ల మారింది ఇంకొకటి. ఇదివరకు ఎవరికి తోచినప్పుడు వాళ్ళు పెట్టుకొని తినేది. రొట్టె వేడి మీద తినాలె గనుక అందరం పొయ్యి చుట్టూ కూసుంటున్నం. అక్కడ అవ్వ నోరు తెరిచింది. గుంపు మేస్త్రీ కథ, పాతర కథ, పొన్నగంటి కూర ఏ గట్టు మీద దొరికేదో, అన్నీ అక్కడ చెప్పింది. ఈ వ్యాసం సగం ఆ పొయ్యి కాడ విన్నదే.

మొన్న పదో తరగతి పేపర్లు దిద్దే డ్యూటీకి పాలమూరు పోయిన. సద్ది కట్టుకపోయిన. మధ్యాహ్నం డబ్బా తీస్తే పక్క సారు "మిల్లెట్సా సార్! మస్తు హెల్త్ కాన్షియస్ ఉన్నరే" అని ఒక రొట్టె అడిగి తీసుకున్నడు. ఇంకొకాయన జొన్నపిండి ఎక్కడ దొరుకుతదని అడిగిండు. నాకు సాగర్ చెట్టు కింద పారేసిన రొట్టె యాదికొచ్చింది. డబ్బా కింది గిన్నెలో తునకల కారం ఉంది. ఆ గిన్నె మూత తీసేదా వద్దా అని ఒక నిమిషం ఆలోచించిన. ఆ నిమిషం నా ఉద్యోగం, నా డిగ్రీ ఎక్కడికి పోయినయో తెలియదు. చివరికి తీసిన. రొట్టె తీసుకున్న సారు ఫోను వచ్చిందని లేచిపోయిండు. మళ్ళ రాలేదు.

రొట్టెను మన్నించిండ్రు. తునకను మన్నించలేదు. 2018లో కేంద్ర ప్రభుత్వం గెజిట్ వేసి ముతక ధాన్యాలకు పోషక ధాన్యాలని పేరు మార్చింది. 2023ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరమన్నది. సిరిధాన్యాలని కొత్త పేరు పెట్టి పెద్ద దుకాణాల్లో పెట్టిండ్రు. కూర సంగతి? 2012లో ఉస్మానియాలో విద్యార్థులు పెద్దకూర పండుగ చేస్తే వాళ్ళ మీద దాడి జరిగింది. 2015లో దాద్రీలో ఇంట్ల కూర ఉందన్న పుకారుకే అఖ్లాక్‌ను కొట్టి చంపిండ్రు. 2016లో ఊనాలో చచ్చిన ఆవు తోలు తీసిన దళిత పిల్లల్ని బండికి కట్టి కొట్టిండ్రు. ఇయ్యాల తునకలు కట్టుకొని రైలెక్కాలంటే భయపడే రోజులు. మా తిండిలోంచి వాళ్ళకు పనికొచ్చే సగం ఎత్తుకపోయి, మిగిలిన సగాన్ని నేరం చేసిండ్రు.

జహీరాబాద్ దిక్కు సంగతి కూడా చెప్పాలె. అక్కడ పస్తాపూర్ కేంద్రంగ 1983లో మొదలైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో ఎక్కువ మంది దళిత ఆడోళ్ళే. పడావు పడ్డ చెలకలను బాగుచేసి, ఒకే చెలకలో ఎన్నో రకాల గింజలు కలిపి పండించి, విత్తనాలు ఇండ్లల్ల దాచుకొని, తమ ఊరి పేదోళ్ళకు జొన్నల రేషన్ తామే నడిపిండ్రు. 2008లో సొంత రేడియో పెట్టుకున్నరు. ఐక్యరాజ్యసమితి సంవత్సరం ప్రకటించక ఎన్నో ఏండ్ల ముందే వాళ్ళు ఈ పని చేసిండ్రు. వాళ్ళు రుచి దగ్గర మొదలు పెట్టలేదు. భూమి దగ్గర, విత్తనం దగ్గర మొదలు పెట్టిండ్రు.

మా ఊళ్ళ అది జరగలేదు. మా ఊరి చెలకల్లో ఇప్పుడు పత్తి ఉంది. 2013 ఆహార భద్రత చట్టం ముతక ధాన్యం కిలో రూపాయికి ఇస్తమని రాసింది. మా ఊరి రేషన్ దుకాణంలో మేం బియ్యమే చూసినం. 2025 ఉగాది నుంచి తెలంగాణలో సన్నబియ్యం వస్తున్నయి. మంచిదే. పేదోళ్ళు సన్నబియ్యం తినొద్దని నేననను. కాని డాక్టరు తినమన్న జొన్నలు మాత్రం బజారులో పైసలు పెట్టి కొనాలె. కొలువున్న నేను కొంటున్న. మా వాడలో షుగరు వచ్చిన కూలి అవ్వ ఏం చేయాలె?

ఒకసారి బళ్ళో చిరుధాన్యాల పాఠం చెప్తూ, మీ ఇంట్ల ఎవరెవరు జొన్నరొట్టె తింటరని అడిగిన. ఎవరూ చెయ్యి ఎత్తలేదు. మా కాలనీ పిల్ల ఒకామె లేచి, "మేం ఇప్పుడు బీదోళ్ళం కాదు సార్" అన్నది. ఆమె అమ్మ పొద్దున రొట్టె కొడుతుంటే ఆ తొవ్వంట వచ్చినోన్ని నేను. ఆ పిల్లను తప్పు పట్టలేదు. మరుసటి దినం నా డబ్బా బడికి తెచ్చి వాళ్ళ నడుమ కూసొని తిన్న. రెండు గిన్నెలూ తెరిచిన. వారం రోజులకు ఆ పిల్ల కూడా డబ్బా తెచ్చుకుంది.

అందుకే మేం అడిగేది తేలిక మాటలే. పత్తి కింద పోయిన చెలకల్లో దళిత ఆడదాని పేరు మీద భూమి కావాలె. రేషన్ దుకాణంలో బియ్యం పక్కన జొన్న, కొర్ర, కంది ఉండాలె, ఏది కావాలో మా అవ్వే ఎంచుకోవాలె. రొట్టె కొట్టే పని ఇంట్ల మొగోడు కూడా చేయాలె. ఇక కింది గిన్నె మూత తీసే ముందు ఎవరూ నిమిషం ఆలోచించే అవసరం ఉండొద్దు.

అవ్వ బస్టాండులో అడిగిన ప్రశ్నకు ఇన్నాళ్ళకు ఇదీ నా జవాబు: అవ్వా, నిన్ను బియ్యం దాకా నడిపించింది ఆకలి, అవమానం. ఇప్పుడు జొన్న కాడికి నువ్వు వెనుకకు రాలేదు. అప్పుడు పటేలు కొలిచిండు, ఇప్పుడు నువ్వే కొలుచుకుంటున్నవు. ఈ మాట చదివి వినిపిస్తే ఆమె విని, "మాటలు బాగనే రాసినవు గాని, జొన్నలు ఇంకా కొనుక్కొచ్చేవేనాయె. మన చెలకల పండినప్పుడు చెప్పు" అన్నది.

ఆమె మాటే సరైంది. చదువుకునే పిల్లలారా, మీ అవ్వలు ఏం తిన్నరో, ఏం కట్టుకొని ఏ తొవ్వ నడిచిండ్రో, ఎక్కడ ఏం పారేసిండ్రో అడిగి రాసిపెట్టుండ్రి. వాళ్ళు పోకముందే రాయాలె.